దాల్చినచెక్క పేరు చూసి సెంటు కొనకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆకులు రాలే కాలం వచ్చేసింది. వేసవి అంతా వాడిన నిమ్మ, నారింజ తరహా సెంట్లు ఇప్పుడు పల్చగా, చప్పగా అనిపిస్తున్నాయి. వెచ్చగా, కాస్త ఘాటుగా ఉండేది కావాలని, అట్టపెట్టె మీద దాల్చినచెక్క, లవంగం, వెనీలా అని చదివి ఒకటి కొన్నారు. కౌంటర్ దగ్గర అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి వేసుకుంటే దాల్చినచెక్క కంటే లవంగమే తెలిసింది, కాసేపటికే ఆ మసాలా కూడా పలచబడి ఒట్టి తీపి మిగిలింది, సాయంత్రానికి తలనొప్పి. దీనికి బదులు ఏది తీసుకోవాలి, ఎంత కొట్టుకోవాలి, ఆఫీసుకు పనికొస్తుందా అని అడిగారు.

నేను పన్నెండేళ్లు సెంట్ల కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. ఈ కథ వారానికి ఒకసారైనా వినేవాణ్ణి. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదండీ, సీసాలో మసాలా నిజంగానే ఉంది. కాకపోతే మసాలా చుట్టపు చూపుగా వస్తుంది. మీరు రోజంతా కాపురం చేయాల్సింది దాని అడుగున ఉన్న వాసనతో. స్పైసీ సెంటు కొనేటప్పుడు చూడాల్సింది ఆ అడుగునే. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదొక్కటే, కానీ కాస్త వివరం లేకపోతే ఇది కూడా అట్టపెట్టె మీది మాటలాగే ఉంటుంది.

వాసన అంటే ముక్కు దాకా ఎగిరొచ్చిన పదార్థమే. ముందు ఎగిరేది ముందే అయిపోతుంది. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనిన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజినాల్ 254 దగ్గర, వెనీలాకు ప్రాణమైన వెనిలిన్ 285 దగ్గర, ఎండుగడ్డి వాసన వేసే కూమరిన్ దాదాపు 300 దగ్గర. ఒంటి మీద ఏదీ మరగదు, నిజమే. కానీ ఎవరు ముందు లేచి వెళ్తారు, ఎవరు చివరిదాకా కూర్చుంటారు అన్న వరస ఈ అంకెల్లో చాలావరకు కనిపిస్తుంది. నిమ్మ అరగంట ఉంటే గొప్ప. మిరియాలు, యాలకులు అంతకంటే కొంచెం ఎక్కువ. దాల్చినచెక్క, లవంగం రెండు మూడు గంటలు గట్టిగానే నిలబడతాయి. వెనిలిన్, చెట్ల బంకలు, చెక్కలు మర్నాడు పొద్దున కూడా చొక్కా కాలర్‌లో దొరుకుతాయి.

ఇక శరత్కాలం ఎందుకంటే, ఎండాకాలంలో ఒళ్లు వేడిగా ఉంటుంది, గాలీ వేడిగానే ఉంటుంది. అడుగున నెమ్మదిగా రావాల్సిన తీపి, బంకలు అన్నీ ఒక్కసారిగా గుప్పుమంటాయి. అందుకే అంబర్ అనే తీపి, బంకల తరహా సెంటు మంచిదైనా వేసవి మధ్యాహ్నం వెగటు పుట్టిస్తుంది. గాలి చల్లబడితే అదే సెంటు తొందర మానేస్తుంది. ముందు మసాలా, తరవాత పూలు, ఆ తరవాత చెక్కా బంకా, ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి. నిమ్మ తరహావి చల్లగాలికి తేలిపోతే, బరువైనవి అప్పుడే కుదురుగా నిలుస్తాయి.

"వెచ్చటి వాసన" అనే మాట కూడా వట్టి కవిత్వం కాదు. మనం వాసన పట్టేది ముక్కులోని ఘ్రాణ నాడితోనే అయినా, పక్కనే ట్రైజెమినల్ అని ఇంకో నరం ఉంది. ముఖంలో స్పర్శ, మంట, చలి తెలిసేది దాని ద్వారా. మెంథాల్ పీలిస్తే చల్లగా అనిపించడం, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ చురుక్కుమనడం ఆ నరం చేసే పనే. అంటే మసాలాల్ని మనం వాసన చూడటమే కాదు, కొంచెం తాకుతాం కూడా.

అందుకే అన్ని మసాలాలూ వెచ్చనివి కావు. ఈ తేడా తెలియక చాలామంది దెబ్బతింటారు. యాలకుల నూనెలో సినియోల్ అనే పదార్థం బాగా ఉంటుంది. నీలగిరి తైలానికి ఆ ఘాటు ఇచ్చేది కూడా అదే. కాబట్టి యాలకులు ముందున్న సెంటు మొదట చల్లగా, శుభ్రంగా తగులుతుంది. అల్లం, ధనియాలు కూడా ఆ జట్టే. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, జాపత్రి వెచ్చని జట్టు. కుంకుమపువ్వు మాత్రం ఎటూ చేరదు. సెంట్లలో అది కాస్త తోలులా, కాస్త తేనెలా ఉంటుంది, నాకైతే అందులో పొడి ధూళి వాసన కూడా తెలుస్తుంది.

మిరియాల గురించి ఒక మాట. నాలుకకు కారం ఇచ్చే పైపరిన్ ఆవిరి కాదు, కాబట్టి మిరియాల నూనెలోకి అది రాదు. వచ్చేది పొడి చెక్క లాంటి వాసన. అందుకే మిరియాలున్న సెంటు ఘాటుగా ఉండాల్సింది పోయి, అప్పుడే చెక్కిన పెన్సిల్‌లా ఉంటుంది. అది లోపం కాదు, తీపి ఇష్టం లేనివాళ్లకు అదే వరం. పింక్ పెప్పర్ అని రాసేది అసలు మిరియమే కాదు, జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టు కాయ. గులాబీ ఛాయతో తేలిగ్గా ఉంటుంది, పైన కాసేపు మెరిసి పోతుంది. దాల్చినచెక్కలోనూ ఒక తిరకాసు ఉంది. బెరడు నూనెలో ఎక్కువ భాగం సిన్నమాల్డిహైడ్, ఆకు నూనెలో ఎక్కువ భాగం యూజినాల్. అంటే దాల్చిన ఆకు వాసన లవంగానికి దగ్గర. మీరు కొన్న దాంట్లో దాల్చినచెక్క కంటే లవంగమే తెలుస్తోందన్నారు కదా, కారణం ఇదీ కావచ్చు.

ఇప్పుడు అడుగు సంగతి. స్పైసీ సెంట్లకు సాధారణంగా మూడు రకాల పునాది వేస్తారు. మీకు ఏది నప్పుతుందో తేలితే సగం పని అయినట్టే.

మొదటిది అంబర్. దీనికీ తిమింగలం నుంచి వచ్చే ఆంబర్‌గ్రిస్‌కీ సంబంధం లేదు, శిలాజ రాళ్ల అంబర్‌కీ లేదు. ఇది ఒక మిశ్రమం పేరు. ల్యాబ్డనమ్ అనే బంక, మనం సాంబ్రాణి అనే బెంజోయిన్, వెనీలా, ఈ మూడూ కలిస్తే అంబర్. ల్యాబ్డనమ్ మధ్యధరా ప్రాంతపు సిస్టస్ పొదల నుంచి వస్తుంది. పూర్వం ఆ పొదల్లో మేసొచ్చిన మేకల గడ్డాలకు అంటుకున్న జిగురును దువ్వి తీసేవారట. వాసనలో ఇప్పటికీ ఆ జంతువు జాడ కొంచెం ఉంటుంది, అంబర్‌కు లోతు వచ్చేది దానివల్లే. వెనిలిన్‌ను 1874లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు హార్మన్, టీమన్ ప్రయోగశాలలో తయారు చేశాక వెనీలా వాసన చవకైంది. దానికంటే రెండు మూడు రెట్లు బలమైన ఇథైల్ వెనిలిన్‌ను గెర్లాన్ సంస్థ షాలిమార్‌లో ధైర్యంగా పోసింది. 1925 నాటి ఆ సెంటు ఇవాళ్టికీ అమ్ముడవుతోంది. మీకు మిగిలిన "ఒట్టి తీపి" ఈ వంశానిదే. బంక తక్కువై వెనిలిన్ ఎక్కువైతే అంబర్ కాస్తా చక్కెర పాకంలా తయారవుతుంది. మీ సీసా గురించి మీరు రాసింది చదివితే నాకు అదే అనుమానం. పాత రివ్యూల్లో ఈ కుటుంబాన్ని "ఓరియంటల్" అని రాసేవారు. ఈమధ్య ఆ మాట మానేసి అంబర్ అంటున్నారు, రెండూ ఒకటే కాబట్టి వెతికేటప్పుడు కంగారు పడకండి.

రెండోది చెక్క. దేవదారు, చందనం, వట్టివేరు. వట్టివేరు చెక్క కాదు, వేరు, కానీ సెంట్లలో చెక్కల పక్కనే కూర్చుంటుంది. మసాలా పోయాక ఇక్కడ తీపి మిగలదు, పొడిగా, హుందాగా ఉంటుంది. తీపితో తలనొప్పి వచ్చేవాళ్లను నేనెప్పుడూ ఇటే పంపేవాణ్ణి. మిమ్మల్నీ ఇటే పంపుతున్నాను.

మూడోది పొగాకు, తోలు. ఎండిన పొగాకులో తేనె, ఎండుగడ్డి ఛాయలుంటాయి, కూమరిన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. మోతాదు కుదిరితే చలికి ఇంతకంటే హాయి లేదు. కుదరకపోతే పక్కవాళ్లు మీరు సిగరెట్ తాగొచ్చారనుకుంటారు.

పేర్లు చెప్పమన్నారు కాబట్టి చెప్తాను. ఇవి కొనమని కాదు, ఒక్కో దిక్కు ఎలా ఉంటుందో ముక్కుకు తెలియడానికి. చెక్క వైపు వెళ్లాలంటే టెర్ డెర్మెస్. 2006లో జాన్ క్లాడ్ ఎలెనా అనే సెంట్ల తయారీ నిపుణుడు చేసింది. నారింజ, మిరియం, రాయి, వట్టివేరు, తీపి దాదాపు సున్నా. అదే మనిషి 1998లో కార్టియే కోసం చేసిన డెక్లరేషన్‌లో యాలకుల ఆట చూడండి. యాలకులు చల్లని జట్టు అని పైన అన్నది అందులో స్పష్టంగా తెలుస్తుంది. చందనం మీద దాల్చినచెక్క కూర్చుంటే ఎలా ఉంటుందో షనెల్ వారి ఎగోయిస్ట్ చూపిస్తుంది, 1990 నాటిది. దేవదారు మీద దాల్చినచెక్క, లవంగం, ప్లమ్ పండు కలిస్తే 1992 నాటి ఫెమినిటే డు బ్వా. పేరులో ఆడతనం ఉందని మగవాళ్లు దాటేయకండి, నేను చాలా ఏళ్లు వాడాను.

అంబర్ వైపు, మసాలా విశ్వరూపం చూడాలంటే ఈవ్ సాన్ లోరాన్ వారి ఓపియం, 1977. పేరు మీద అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. లవంగం, బంకలు, పూలు అన్నీ ఒకేసారి గదిలోకి నడిచొచ్చినట్టుంటుంది. పొగాకు వైపు టామ్ ఫోర్డ్ వారి టొబాకో వనీల్, 2007. బాగుంటుంది, కానీ మీ ఫిర్యాదు తీపి గురించి కాబట్టి మీకు దూరం. విక్టర్ అండ్ రోల్ఫ్ వారి స్పైస్‌బాంబ్ 2012లో వచ్చింది. గ్రెనేడ్ ఆకారం సీసా చూసి భయపడతారు కానీ లోపలిది స్నేహంగానే ఉంటుంది.

వీటిలో పాతవాటి గురించి ఒక హెచ్చరిక. ముప్పై ఏళ్ల కిందట రాసిన వర్ణన చదివి ఇవాళ్టి సీసా కొంటే అదే వాసన రాకపోవచ్చు. దాల్చినచెక్క, లవంగాల్లో ఉన్నవి కొందరి చర్మానికి పడవు. సెంట్ల పరిశ్రమ 1973లో ఇఫ్రా అనే సంఘం పెట్టుకుని, ఒక్కో పదార్థం ఒంటికి రాసుకునే సరుకులో ఎంతకు మించకూడదో చెబుతూ వస్తోంది. సిన్నమాల్డిహైడ్, యూజినాల్, ముఖ్యంగా ఐసోయూజినాల్‌కు ఆ కత్తెర పడింది. కార్నేషన్ పువ్వు వాసన కట్టేది ఈ లవంగం కుటుంబంతోనే కాబట్టి పాత కార్నేషన్ సెంట్లు బాగా పలచబడ్డాయి. దీనికి నాకు బాధే, కానీ మోచేతి మీద దద్దుర్లు వచ్చినవాళ్లను కళ్లారా చూశాను కాబట్టి నియమం తప్పనను. ఐరోపాలో అయితే ఒంటి మీద ఉండిపోయే సరుకులో 0.001 శాతం దాటిన ఎలర్జీ పదార్థాల పేర్లు పెట్టె మీద రాయాలి. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. మీ పెట్టె అడుగున సిన్నమాల్, యూజినాల్, కూమరిన్ అని సన్నటి అక్షరాలు ఉంటే భయపడనక్కర్లేదు, కానీ మీది సున్నితమైన చర్మమైతే ముందు మోచేతి లోపలి వైపు ఒక చుక్క వేసి రెండు రోజులు చూడండి. ఇంట్లోనే దాల్చిన బెరడు నూనె కొని నూనెలో కలిపి పూసుకుందామనే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. అది చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది.

ఇక పరీక్ష ఎలా చేయాలి. కౌంటర్ దగ్గర మీరు చేసిన పొరపాటు అందరూ చేసేదే. కాగితం పట్టీ మీద కొట్టించుకుని పది సెకన్లలో వాసన చూసి డబ్బు కట్టేశారు. ఆ పది సెకన్లలో మీ ముక్కుకు అందేది సగం ఆల్కహాల్, సగం మసాలా. నేను ఇప్పటికీ చేసే పద్ధతి చెప్తాను. మూడు పట్టీలు, మూడు సెంట్లు, అంతకు మించి వద్దు. పట్టీ చివర పెన్సిల్‌తో పేరు, కొట్టిన టైమ్ రాస్తాను. నిమిషం ఊరుకుని ఒకసారి, అరగంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి చూస్తాను. తరవాత బల్ల మీద విడివిడిగా పెట్టేసి పడుకుంటాను. పొద్దున లేచి, పళ్లు తోముకోకముందే, ఆ పట్టీలు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఆ పూట ముక్కు తేటగా ఉంటుంది. రాత్రి మహారాజులా వెలిగింది కొన్నిసార్లు తడిసిన అట్టముక్కలా మిగులుతుంది. ఎవరూ పట్టించుకోనిది పాత చెక్కపెట్టె తెరిచినట్టు కమ్మగా ఉంటుంది. ఆ కమ్మగా మిగిలినదాన్నే మర్నాడు ఒంటి మీద వేసి చూస్తాను. కాగితం మంచి అడుగు ఉందో లేదో చెప్తుంది, మీ ఒంటితో దానికి పొసగుతుందో లేదో చెప్పదు.

మధ్యలో ముక్కు మొద్దుబారితే కాఫీ గింజలు వాసన చూడమంటారు. నేనూ ఏళ్ల తరబడి జనానికి ఆ డబ్బా అందించాను. దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. ఇంకో వాసన జోడించే బదులు సెంటు పడని సొంత మోచేతిని వాసన చూసుకోండి, లేదా బయటికెళ్లి మామూలు గాలి పీల్చండి.

మోతాదు గురించి చెప్పే ముందు నా పరువు తీసిన సంగతి ఒకటి. కొత్తలో ఒక లవంగం-అంబర్ సెంటు తెగ నచ్చి, చలిరోజు కదా అని మెడ చుట్టూ ఆరేడు స్ప్రేలు కొట్టుకుని రైలెక్కాను. తలుపులు, కిటికీలు బిగించి ఉన్న పెట్టె. పది నిమిషాలయ్యాక నాకే వాసన తెలియడం మానేసింది, సెంటు నిలవలేదేమో అనుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి ఇంకో రెండు కొట్టాను! తిరిగొచ్చేసరికి ఎదురు సీటు పెద్దాయన శాలువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పక్కావిడ మొహమాటంగా, "బాబూ, మీ బ్యాగులో ఏదో సీసా ఒలికినట్టుంది, చూసుకోండి" అంది. మన వాసన మనకు తెలియకపోవడం అంటే అది పోయినట్టు కాదు, ముక్కు దానికి అలవాటు పడినట్టు. మీ తలనొప్పిలోనూ మోతాదు పాత్ర ఉందనే నా అభిప్రాయం. మెడ మీద కొట్టుకుంటే రోజంతా ఆ ఆవిరి నేరుగా మీ ముక్కులోకే వెళ్తుంది.

కాబట్టి ఇలాంటి వెచ్చటి సెంటుకు రెండు స్ప్రేలు. ఒకటి చొక్కా వేసుకోకముందు ఛాతీ మీద, ఇంకొకటి మోచేతి మడతలో. స్వెటర్ కింద ఒంటి వేడికి అది నెమ్మదిగా, మీరు కదిలినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఆఫీసుకైతే ఛాతీ మీది ఒక్కటి చాలు, అదీ ఇంట్లోంచి బయల్దేరడానికి అరగంట ముందు, మొదటి ఘాటు ఇంట్లోనే తగ్గేట్టు. చర్మం పొడిబారే కాలం కాబట్టి ముందు వాసన లేని క్రీమ్ రాసుకుంటే సెంటు ఇంకాస్త నిలుస్తుంది. మణికట్లు రుద్దుకుంటే అణువులు విరిగిపోతాయనేది ఉత్త మాటే. రాపిడి వేడికి పైవాసన కొంచెం ముందే ఎగిరిపోతుంది, అంతకంటే నష్టం లేదు.

ఓ డి టాయిలెట్ తీసుకోవాలా, ఓ డి పర్ఫ్యూమ్ తీసుకోవాలా అనే సందేహం చాలామందికి ఉంటుంది. రెండోదాంట్లో సుగంధ నూనెల పాలు ఎక్కువ, సుమారు 15 నుంచి 20 శాతం. మొదటిదాంట్లో అంతకు తక్కువ. కానీ తయారీదారులు చాలాసార్లు రెండింటి కూర్పే మార్చేస్తారు. స్పైసీ రకాల్లో గాఢత పెంచిన సీసా అంటే తరచు తీపి పెంచిన సీసానే. మీరు ఓ డి టాయిలెట్ దగ్గరే ఆగండి.

ఇప్పటికే కొన్న సీసా సంగతి. పారేయకండి. ఉన్ని కోటు లోపలి అస్తరు మీద ఒక్క స్ప్రే కొట్టి రాత్రంతా తగిలించి ఉంచండి. ఉన్ని, అస్తరు వాసనను పట్టుకుని మెల్లగా వదులుతాయి, ఒంటి వేడి నేరుగా తగలదు కాబట్టి తీపి అంతగా ముంచుకురాదు. అస్తరు తెల్లదైతే మాత్రం వద్దు, వెనిలిన్ ఎక్కువున్న సెంటు మరక చేస్తుంది. ముత్యాల మీదా పడనివ్వకండి. సీసాను బాత్రూమ్‌లో పెట్టకుండా చీకటి అరలో పెట్టండి. ఏడాది తిరిగేసరికి లోపలి ద్రవం టీ రంగుకు తిరిగితే పాడైందని అనుకోకండి, వెనిలిన్ గుణమే అది. బాగా చలి ముదిరాక, గాలి పొడిగా ఉన్న రోజు చూసి ఛాతీ మీద ఒక్క స్ప్రేతో మళ్లీ ప్రయత్నించండి. అప్పుడూ నచ్చకపోతే తీపి ఇష్టపడేవాళ్లకు ఇచ్చేసి, టెర్ డెర్మెస్, డెక్లరేషన్, ఎగోయిస్ట్ మూడింటికీ పట్టీలు తెచ్చుకోండి. మర్నాడు పొద్దున ఏ పట్టీ కమ్మగా మిగిలిందో ఇక్కడే రాస్తే, దాన్నిబట్టి తరవాత ఏవి చూడాలో చెప్తాను.